సీబీ2 సీసాలో గంజాయి ఉండదు: కాలేజీ పర్చేజ్ కమిటీలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ కాలేజీల్లో పర్చేజ్ కమిటీల్లో కూర్చునే పెద్దలందరికీ నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకునే మనిషిని. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. ఈ గొడవ ఒక్క కాలేజీది కాదు, వేరే చోట పనిచేసే మిత్రుల్ని కదిపినా దాదాపు ఇదే మాట వినిపిస్తోంది. సంగతి ఏమిటంటే, ఎం.ఫార్మసీ చదివే ఒక అమ్మాయి ప్రాజెక్టు కోసం సీబీ2 అనే కన్నాబినాయిడ్ రిసెప్టర్ ఉన్న మెంబ్రేన్ (కణాల పొర) కావాలని ఇండెంట్ (కొనమని కోరే కాగితం) పెట్టింది. "కన్నాబినాయిడ్ అంటే గంజాయి కదా, పోలీసు క్లియరెన్స్ జతచేయగలరు" అని ఎర్ర సిరాతో రాసి ఫైలు వెనక్కి పంపారు. ఆ అమ్మాయి ఫైలు పట్టుకొచ్చి "ఇదేటి సార్, ఇలా రాసీసారు?" అంది. తనకి ప్రాజెక్టు పోయిందన్న బాధకన్నా, పోలీసు అన్న మాట ఉన్న ఆ కాగితం ఇంట్లోవాళ్ల కంటపడితే ఏమవుతుందోనన్న టెన్షనే ఎక్కువ. చివరికి ప్రాజెక్టు మార్చుకుంది. కంప్యూటర్ ముందు కూర్చుని డాకింగ్, అంటే ప్రొటీన్ బొమ్మలో అణువుని ఇరికించి చూడటం, చేసుకుంటోంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఒక మాట. మీ భయం నాకు అర్థం కానిది కాదు. మనం ఉన్నది ఒడిశా సరిహద్దులో. ఇచ్ఛాపురం దాటితే వేరే రాష్ట్రం, పక్కనే ఏజెన్సీ, మధ్యలో 16వ నంబర్ జాతీయ రహదారి, హౌరా లైను. రైళ్లలో బ్యాగులు వెతకడం, చెక్‌పోస్టులో లారీలు ఆపడం మనకి రోజూ పేపర్లో కనబడే వార్తే. 2024లో రాష్ట్రం గంజాయిని అరికట్టడానికి ఈగల్ అని ప్రత్యేక బృందాన్నే పెట్టింది, దాని 1972 ఫోన్ నంబర్ పోస్టర్ మన కాలేజీల గోడల మీద కూడా ఉంది. ఆ పోస్టర్ ఉండాలి, ఆ తనిఖీలూ ఉండాలి. నాకు దాంతో ఏ పేచీ లేదు. నా పేచీ అంతా, ఆ భయాన్ని తీసుకొచ్చి అసలు గంజాయితో ఏ సంబంధమూ లేని ఒక చిన్న గడ్డకట్టిన సీసా మీద పెట్టడంతోనే.

ఆ సీసాలో ఏముంటుందో చెప్తాను. రిసెప్టర్ అంటే మన కణాల పొరలో ఇమిడి ఉండే ప్రొటీన్. కన్నాబినాయిడ్ రిసెప్టర్లలో బాగా తెలిసినవి రెండు. సీబీ1 ఎక్కువగా మెదడులో ఉంటుంది, మనుషుల్లో 472 అమైనో ఆమ్లాల గొలుసు. సీబీ2 ఎక్కువగా ప్లీహంలో, రోగనిరోధక కణాల్లో ఉంటుంది, 360 అమైనో ఆమ్లాలు. రెండూ కణపొరని అటూ ఇటూ ఏడుసార్లు దాటుతూ కూర్చుంటాయి. బయట నుంచి సరిపడే అణువు వచ్చి అతుక్కుంటే లోపల జీ ప్రొటీన్ అనే ఇంకో ప్రొటీన్‌ని కదిపి, కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ తయారీని తగ్గిస్తాయి. ఇవి మీలో ఉన్నాయి, నాలో ఉన్నాయి, ఆ ఫైలు మీద ఎర్ర సిరాతో రాసిన ఆయనలోనూ ఉన్నాయి. జన్మలో గంజాయి వాసన చూడనివాళ్లలో కూడా ఉన్నాయి. ల్యాబ్‌కి అమ్మే సరుకు ఎలా చేస్తారంటే, మనిషి జన్యువుని ల్యాబ్‌లో పెంచే హెచ్ఈకే లేదా సీహెచ్ఓ అనే కణాల్లో పెట్టి, ఆ కణాలు తమ పొర మీద ఈ ప్రొటీన్‌ని విపరీతంగా తయారుచేశాక, వాటిని చిదిపి పొరల్ని మాత్రం వేరుచేసి మైనస్ 80 డిగ్రీల్లో గడ్డకట్టిస్తారు. మొక్క ఎక్కడా లేదు. ఆకు లేదు, పువ్వు లేదు, బంక లేదు, మత్తెక్కించే టీహెచ్‌సీ లేదు. దాన్ని ఎవరైనా తాగినా మత్తు రాదు (తాగొద్దు, పరిశోధనకి మాత్రమే అని సీసా మీదే రాసి ఉంటుంది). దీన్ని గంజాయి అనడం, తాగుబోతు నాలుకని పట్టుకుని సారా అనడం లాంటిది.

మరి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, కనిపెట్టిన వరస అలాంటిది. 1964లో ఇజ్రాయెల్‌లో మెషూలం, గావోని కలిసి గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేశారు. అది శరీరంలో ఎక్కడ పనిచేస్తుందో మాత్రం చాలా ఏళ్లు తేలలేదు. అది కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి కణపొరలోకి ఊరికే దూరిపోయి పొరని వదులు చేస్తుందేమో, ప్రత్యేకంగా రిసెప్టర్ అంటూ ఉండదేమో అని కూడా అనుకున్నారు. 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, విలియం డెవేన్ వాళ్ల బృందం ఎలుక మెదడు పొరల మీద ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన సీపీ-55,940 అనే కృత్రిమ అణువుని వేసి, అది అతుక్కునే చోటు నిజంగానే ఉందని చూపించింది. 1990లో లీసా మత్సూడా బృందం ఆ ప్రొటీన్ జన్యువునే పట్టుకుంది, అదీ అనుకోకుండా. చేతిలో ఒక రిసెప్టర్ జన్యువు ఉంది, అది దేనికి స్పందిస్తుందో తెలీదు, ఒక్కో పదార్థమే వేసి చూస్తూ పోతే చివరికి కన్నాబినాయిడ్లకి పలికింది. 1993లో కేంబ్రిడ్జ్‌లో మన్రో వాళ్లు రెండోది, సీబీ2ని కనుక్కున్నారు. మధ్యలో 1992లో పంది మెదడు నుంచి ఆనందమైడ్ దొరికింది. అంటే ఈ రిసెప్టర్లకి శరీరమే సొంతంగా చేసుకునే అణువులు ఉన్నాయి, 1995లో 2-ఏజీ అని ఇంకోటి కూడా తేలింది. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, వాపు లాంటి పనులకి శరీరం పెట్టుకున్న ఏర్పాటు ఇది. గంజాయి మొక్కలోని పదార్థం దానిలోకి దొంగదారిన దూరుతుంది, అంతే. దొంగ ముందు దొరికాడు, ఇల్లు తర్వాత కనబడింది, అందుకని ఇంటికి దొంగ పేరు పెట్టేశారు.

ఇక చట్టం సంగతి. మీరు భయపడే మత్తుమందుల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 నాటిది. అందులో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు, చరస్ అంటే దాని నుంచి తీసిన బంక, వాటితో చేసిన మిశ్రమాలు. టీహెచ్‌సీ వేరుగా సైకోట్రాపిక్ పదార్థాల జాబితాలో ఉంది. ఈ నిర్వచనాల్లో ఎక్కడా మనిషి కణపొర ప్రొటీన్ లేదు. అందుకే నేను అడిగేది చిన్న విషయం: ఇండెంట్‌లో పదం చూడకండి, పదార్థం చూడండి. రిసెప్టర్ ప్రొటీన్, మెంబ్రేన్, యాంటీబాడీ, జన్యువు ఉన్న ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్ఏ ముక్క) ఇవన్నీ ఒక గుంపు, వీటికి పోలీసు కాగితం అడగాల్సిన పని లేదు. ఆ రిసెప్టర్‌కి అతుక్కునే రసాయనాలు ఇంకో గుంపు. అందులో టీహెచ్‌సీ ఉందనుకోండి, మత్తుమందుల కింద వచ్చే ఇంకే కృత్రిమ కన్నాబినాయిడ్ ఉందనుకోండి, అప్పుడు ఆపండి, లైసెన్సు ఏదని అడగండి, అది మీ బాధ్యత. ఆ రెండు గుంపుల్నీ కలిపేసి ఒకే ఎర్ర సిరాతో కొట్టేస్తేనే ఇబ్బంది.

నిజం చెప్పాలంటే మీరు అడగాల్సిన అనుమతులు వేరే ఉన్నాయి, వాటిని మాత్రం ఏ కమిటీ అడిగినట్టు నేను చూడలేదు. మనిషి జన్యువు పెట్టిన బతికున్న కణాల్ని ల్యాబ్‌లో పెంచుతామంటే అది జన్యుమార్పిడి పని, 1989 నిబంధనల ప్రకారం సంస్థ జీవభద్రతా కమిటీ, అదే ఐబీఎస్‌సీ, చూసి ఒప్పుకోవాలి. మన కాలేజీల్లో ఎన్నింటికి ఆ కమిటీ ఉందో మీకే తెలుసు. ట్రిషియం తగిలించిన లిగాండ్ (రిసెప్టర్‌కి అతుక్కునే అణువు) తెప్పిస్తామంటే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి ఉన్న ల్యాబ్ కావాలి, మామూలు గదిలో కుదరదు. ఎలుక మెదడు తీసి వాడతామంటే జంతు నైతిక కమిటీ కాగితం కావాలి. ఇవన్నీ వదిలేసి పోలీసు క్లియరెన్స్ అడిగితే, పాపం ఆ స్టేషన్‌లో ఎస్సై గారు మాత్రం ఏం రాసిస్తారు? సీబీ2 అంటే ఆయనకి సీబీఐ చెల్లెలని అనిపించినా ఆశ్చర్యపోను.

ఆ అమ్మాయి పెట్టిన ప్రాజెక్టు ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే ఫైలులో అది చదివినట్టు లేదు. మిరియాల్లో, లవంగాల్లో బీటా కారియోఫిలీన్ అనే సుగంధ పదార్థం ఉంటుంది. అది సీబీ2కి అతుక్కుంటుందని, సీబీ1 జోలికి పోదని 2008లో యూరప్ పరిశోధకులు చూపించారు. సీబీ1 జోలికి పోదు కాబట్టి మత్తు లేదు. ఎలుకల్లో అది వాపు తగ్గించింది, సీబీ2 జన్యువు తీసేసిన ఎలుకల్లో మాత్రం తగ్గించలేదు. అంటే ఆ పని ఈ రిసెప్టర్ ద్వారానే జరుగుతోందని తేలినట్టు. అదే పదార్థం గంజాయి నూనెలోనూ ఉంటుంది, కానీ మన వంటింటి పోపులపెట్టెలో కూడా ఉంది మరి. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించే మిరియాల నూనె తీసి, ఒక్కో తోట నూనె సీబీ2ని ఎంత కదిలిస్తుందో పోల్చి చూద్దామని తన ఆలోచన. రేడియోధార్మిక పదార్థం అక్కర్లేని పద్ధతే ఎంచుకుంది, యూరోపియం అనే వెలుగిచ్చే లోహం తగిలించిన జీటీపీ అనే అణువు వాడతారు. రిసెప్టర్ కదిలితే జీ ప్రొటీన్ ఆ జీటీపీని పట్టుకుంటుంది, పట్టుకున్నంత మేర వెలుగు వస్తుంది. పోల్చడానికి శరీరం చేసుకునే 2-ఏజీ, అడ్డుకోవడానికి ఏఎం630. మిరియం నూనె వేస్తే వెలుగు పెరగాలి, ఏఎం630 కలిపితే తగ్గాలి, రిసెప్టర్ లేని ఉత్త కణాల పొర మీద ఏమీ జరగకూడదు. ఆ మూడోది చేయకపోతే మొదటి రెండూ నమ్మను అని తనకి నేనే గట్టిగా చెప్పాను. ఇంత పద్ధతిగా రాసిన పిల్లకి మీరిచ్చిన జవాబు "గంజాయి కదా" అని.

ఇప్పుడు డాకింగ్ గురించి. దాన్ని నేను తీసిపారేయను. 2016లో సీబీ1 నిర్మాణం రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి, 2019లో సీబీ2ది కూడా వచ్చింది. 5టీజీజెడ్ (సీబీ1), 5జెడ్‌టీవై (సీబీ2) అని ప్రొటీన్ డేటా బ్యాంకులో కొడితే ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, ఇది పల్లెటూరి కాలేజీకి వరమే. కానీ మన జిల్లాల్లో ప్రాజెక్టు రిపోర్టులు తిరగేయండి: తులసిలో ఒకటి, పసుపులో ఒకటి, మునగాకులో ఒకటి తీసుకుని రిసెప్టర్ బొమ్మలో ఇరికించి, అతుకు బలం స్కోరు మైనస్ 9 వచ్చింది కాబట్టి ఇది కొత్త మందు అని రాసేస్తున్నారు. బొమ్మలో ఇరికినవన్నీ సీసాలో అతుక్కోవు. అతుక్కున్నా అది రిసెప్టర్‌ని కదిలిస్తుందో, మూసేస్తుందో ఆ అంకె చెప్పలేదు. డాకింగ్ చేశాక ఒక్కసారైనా అసలు ప్రొటీన్ మీద వేసి చూడకపోతే పిల్లలకి ఫార్మకాలజీ రాదు, కంప్యూటర్ గేమ్ వస్తుంది. కొనే దారి మూసేసి, ఎందుకొచ్చిన గొడవ అని అందర్నీ డాకింగ్ వైపు తోసేస్తున్నది మీరే, కోపం తెచ్చుకోకండి.

కొనేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది, అది మీ చేతిలోనిదే. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువ రేటు వాడికి ఇవ్వాలన్న రూలు బెంచీలకి, బీకర్లకి బాగుంటుంది. క్యాటలాగ్‌లో "సీబీ2 ప్రొటీన్" అని చవకగా కనబడేవాటిలో చాలా వరకు బ్యాక్టీరియాలో చేసిన చిన్న ముక్కలు. యాంటీబాడీ పరీక్షలకి పనికొస్తాయి గానీ, వాటికి కణపొర ఉండదు, ఏడు మడతలు ఉండవు, లిగాండ్ అతుక్కునే గుంత ఉండదు. బైండింగ్ (అణువు అతుక్కునే) పరీక్ష చేస్తామని చెప్పి అది కొంటే డబ్బులు నీళ్లపాలే. ఈ ప్రొటీన్‌ని పొరలోంచి బయటికి తీసి నీళ్లలో పెడితే నిలవదు, డిటర్జెంటూ కొలెస్ట్రాల్ లాంటి పదార్థమూ కలిపి బుజ్జగించాలి, అది పెద్ద ల్యాబ్‌లకే కష్టం. అందుకే మెంబ్రేన్‌గానే కొనమంటున్నాం. కాబట్టి ఇండెంట్‌లో "మెంబ్రేన్, మనిషి సీబీ2, పూర్తి పొడవు" అని ఉంటే దయచేసి దాన్ని "ప్రొటీన్" అని కుదించి కొటేషన్ పిలవొద్దు. యాంటీబాడీల విషయంలో కూడా చెప్పాలి. ఈ రెండు రిసెప్టర్లకీ మార్కెట్లో దొరికేవాటిలో అసలు ప్రొటీన్‌నే కాక వేరేవాటినీ పట్టుకునేవి ఉన్నాయని, ముఖ్యంగా సీబీ2 విషయంలో, చాలా విమర్శలు వచ్చాయి. రిసెప్టర్ లేని కణాల మీద పరీక్షించి చూపించని యాంటీబాడీతో రంగు వేసి, ఫొటో తీసి, పేపర్ పంపితే ఒప్పుకోకండి. అక్కడ వాడండి మీ ఎర్ర సిరా.

ఫ్రీజర్ సంగతి అడగక తప్పదు. ఈ సరుకు డ్రై ఐస్‌లో వస్తుంది. విశాఖ దాకా బాగానే వస్తుంది, అక్కణ్ణుంచి మన దాకా వచ్చేసరికి ఎండలో ఏ కొరియర్ ఆఫీసులో ఎంతసేపు పడుంటుందో దేవుడికే తెలియాలి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే బైండింగ్ పడిపోతుంది, సీసా చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత మైనస్ 80 ఫ్రీజర్ కావాలి, ఆ ఫ్రీజర్‌కి జనరేటర్ కావాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు కరెంటు ఎన్ని రోజులు లేదో మర్చిపోయామా? ప్రతి కాలేజీ ఒక్కో ఫ్రీజర్ కొనడం దండగ. రెండు జిల్లాల కాలేజీలు కలిసి ఒకటి పెట్టుకుని, సరుకుని ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న చిన్న సీసాల్లో పంచి దాచుకుంటే చాలు.

ఇంత తాపత్రయం దేనికని మీరు అడగొచ్చు. రిమోనబాంట్ కథ వినండి. సీబీ1ని మూసేస్తే ఆకలి తగ్గుతుందని, బరువు తగ్గే మందుగా 2006లో యూరప్‌లో అనుమతి ఇచ్చారు. బరువైతే తగ్గింది, కానీ కొందరిలో తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు కనబడ్డాయి. 2008లో ఆపేశారు, తర్వాత మన దేశంలోనూ నిషేధించారు. మెదడులో ఉన్న సీబీ1ని కూడా మూసేయడమే అక్కడ జరిగిన పొరపాటు. అందుకని ఇప్పుడు మెదడులోకి వెళ్లకుండా శరీరంలో మిగతా చోట్ల మాత్రమే పనిచేసే అణువుల కోసం వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో కాలేయం ఉంది, కిడ్నీ కూడా ఉంది. కిడ్నీ గట్టిపడి మచ్చకట్టే క్రమంలో సీబీ1 పెరుగుతుందని, దాన్ని అడ్డుకుంటే మచ్చ తగ్గుతుందని ఎలుకల మీద చేసిన పనిలో కనబడింది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదే కారణమనో, ఇదే మందనో నేను అనడం లేదు, అలా అన్నవాణ్ణి నమ్మకండి కూడా. కానీ పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ పెట్టుకున్న జిల్లాలో, కవిటి నుంచి, వజ్రపుకొత్తూరు నుంచి డయాలసిస్‌కి జనం బస్సులెక్కే జిల్లాలో, కిడ్నీలోనూ ఉన్న ఈ ప్రొటీన్ల కుటుంబం పేరు చూసి ఫైలు వెనక్కి పంపడం బాగోలేదండీ.

గంజాయి మీద అవగాహన సదస్సులకి కూడా ఇదే పనికొస్తుంది. బ్యానరు పట్టుకుని ఎండలో ర్యాలీ చేయిస్తే పిల్లలకి దాహమేస్తుంది, అంతకుమించి ఏమీ ఎక్కదు. దానికన్నా జ్ఞాపకాన్ని చూసుకునే హిప్పోకాంపస్‌లో సీబీ1 దట్టంగా ఉంటుంది, అందుకే గంజాయి తాగితే చదివింది నిలవదు అని చెప్పండి. రోజూ తాగేవాళ్ల మెదడులో సీబీ1 తగ్గిపోతుందని, సుమారు నాలుగు వారాలు పూర్తిగా మానేశాక తిరిగి మామూలు స్థాయికి వచ్చిందని 2012లో స్కాన్‌లతో చూపించారని చెప్పండి. ఈ రెండో మాట, ఇప్పటికే అలవాటులో పడ్డ కుర్రాడికి చాలా అవసరం. నీ బతుకు అయిపోయిందని కాకుండా, మానితే తిరిగొస్తుందని ల్యాబ్ లెక్కతో చెప్పినట్టవుతుంది. ఆ లెక్క వచ్చింది ఈ రిసెప్టర్‌ని కొలిచినందువల్లే.

ఆ ఇండెంట్‌ని నేను మళ్లీ పెడుతున్నాను. ఈసారి దానికి మూడు కాగితాలు జతచేస్తున్నాను: సీసాలో ఏముందో కంపెనీ ఇచ్చే డేటా షీటు, వాడే రసాయనాల్లో ఏదీ ఎన్‌డీపీఎస్ జాబితాలో లేదని నా సంతకంతో రాసిన పత్రం, బతికున్న కణాలు వాడటం లేదు, గడ్డకట్టిన పొరలే వాడుతున్నాం అన్న వివరణ. చదివి సంతకం పెట్టండి. పెట్టడం కుదరదంటే ఏ చట్టంలో ఏ సెక్షన్ ప్రకారం కుదరదో ఫైలు మీదే రాయండి, ఎర్ర సిరాతోనే రాయండి పర్వాలేదు. ఆ సెక్షన్ పట్టుకుని నేనే ఎస్సై గారి దగ్గరికి వెళ్తాను.

ఇట్లు,
శ్రీకాకుళం నుంచి ఒక ఫార్మకాలజీ మాస్టారు